మీ వీధికి కొత్త తారు వేసే ముందు గడప ఎత్తు కొలిచి పెట్టుకోండి

చెన్నైలో షావుకారుపేట, తిరువల్లిక్కేణి, మైలాపూరు పాత వీధుల్లో చాలా ఇళ్లకు వీధిలోంచి ఒక మెట్టు దిగి లోపలికి వెళ్లాలి. కట్టిన రోజుల్లో ఆ ఇళ్లకు మెట్టు ఎక్కి వెళ్లేవారు. ఇల్లు ఉన్నచోటే ఉంది, వీధి పైకి లేచింది. పాత తారు తీయకుండా దాని మీదే విడతకు 3, 4 సెంటీమీటర్ల పొర వేసుకుంటూ పోతే అయిదు విడతలకు 15 నుంచి 20 సెంటీమీటర్లు అవుతుంది. అంటే సరిగ్గా ఒక మెట్టు. చెన్నై సముద్రం పక్కన చదునుగా పరుచుకున్న ఊరు. ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడితే అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. అప్పుడు వీధిలో నీళ్లకు మీ వాకిలి పల్లమైతే అవి మీ వాకిట్లోకే వస్తాయి, అక్కడి నుంచి సంపులోకి దిగుతాయి.

అందుకే వీధి కొత్తగా వేస్తున్నారంటే నున్నగా, నల్లగా వచ్చిందా అని చూసే ముందు ఎంత చెక్కారు, ఎంత వేశారు అని చూడాలి. 2021లో అప్పటి తమిళనాడు ప్రధాన కార్యదర్శి వి. ఇరైఅన్బు దీని మీద అధికారులకు లిఖితపూర్వకంగా ఆదేశాలిచ్చారు: పాత పొరను యంత్రంతో చెక్కి తీశాకే కొత్తది వేయాలి, ఇళ్ల ముందు రోడ్డు మట్టం పెరగకూడదు. ఈ చెక్కుడునే పనివాళ్లూ ఇంజనీర్లూ మిల్లింగ్ అంటారు. మీరు అడగాల్సిన మాట కూడా అదే.

కొలత తీయడానికి ఇంజనీరు అక్కర్లేదు. మేస్త్రీలు వాడే పారదర్శకమైన సన్నటి ప్లాస్టిక్ గొట్టం 10 మీటర్లది, రెండు స్కేళ్లు, ఇద్దరు మనుషులు చాలు. గొట్టంలో బుడగలు లేకుండా నీళ్లు నింపండి. బుడగ ఉంటే కొలత తప్పుతుంది, కాబట్టి ఒక చివర పైకెత్తి నెమ్మదిగా పోయాలి. ఒకరు గడప మీద స్కేలు నిలబెట్టి గొట్టం చివర దానికి ఆనించాలి, ఇంకొకరు రోడ్డు నడిమధ్యలో అలాగే చేయాలి. నీళ్లు కదలడం ఆగాక రెండు చోట్లా ఎత్తు చూడండి. రోడ్డు మీది స్కేలు 48 సెంటీమీటర్లు, గడప మీది స్కేలు 30 సెంటీమీటర్లు చూపిస్తే మీ గడప రోడ్డు కంటే 18 సెంటీమీటర్లు ఎత్తులో ఉందన్నమాట. ఇదే కొలత గేటు ముందు రోడ్డు అంచు దగ్గర, సంపు మూత దగ్గర కూడా తీసి, తేదీతో ఫోటో తీసి పెట్టుకోండి. పని పూర్తయ్యాక మళ్లీ కొలిస్తే తేడా తేలిపోతుంది. రోడ్డు పెరిగిందని నోటితో చెప్పే ఫిర్యాదుకూ, 18 ఉన్నది 14 అయిందని కాగితం మీద పెట్టే ఫిర్యాదుకూ ఆఫీసులో దొరికే జవాబు ఒకేలా ఉండదు.

పని ఎవరిది, ఎవరిని అడగాలి

గ్రేటర్ చెన్నై కార్పొరేషన్‌లో 200 వార్డులు. మీ ఇంటి ముందున్న లోపలి వీధులూ, బస్సులు తిరిగే రోడ్లలో చాలా భాగమూ కార్పొరేషన్‌వే. అన్నా సాలై లాంటి పెద్ద రోడ్లు రాష్ట్ర హైవేస్ శాఖవి. వాటి గురించి వార్డు ఇంజనీరును అడిగితే ఆయన చేయగలిగేది పెద్దగా లేదు. మీ వీధి కార్పొరేషన్‌దైతే వార్డు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, మీకు ముఖ్యమైన మనిషి. కౌన్సిలర్ ఆఫీసులో అడిగితే ఆయన నంబరు ఇస్తారు.

ఏఈని అయిదు సంగతులు అడిగి రాసుకోండి. ఎన్ని మిల్లీమీటర్లు చెక్కుతారు? ఎన్ని మిల్లీమీటర్లు వేస్తారు? చెక్కిన తరువాత తారు పడేదాకా ఎన్ని రోజులు? మురుగు చాంబర్ల మూతలు కొత్త మట్టానికి ఎవరు సరిచేస్తారు, ఎప్పుడు? పాడైతే ఎన్నాళ్లవరకు కాంట్రాక్టరే బాగుచేయాలి? లోపలి వీధులకు మామూలుగా పైన వేసే పొర 30 లేదా 40 మిల్లీమీటర్ల బిట్యుమినస్ కాంక్రీట్. ఇంజనీర్లు దీన్ని పొట్టిగా బీసీ అంటారు. బస్సులు తిరిగే రోడ్డుకు దాని కింద 50 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఇంకో పొర కూడా వేయొచ్చు, దాన్ని డీబీఎం అంటారు. ఏ పొర అని చెప్పినా మీరు వినాల్సింది ఒక్కటే, చెక్కేది వేసేదానికి సమానంగా ఉందా లేదా అని.

తమిళం చదవడం రానివాళ్లకు బోర్డుల మీద తరచు కనిపించే మాటలు: ‘పణి నడైపెరుగిరదు’ అంటే పని జరుగుతోంది. ‘మాట్రు పాదై’ అంటే దారి మళ్లింపు. ‘చాలై’ రోడ్డు, ‘తెరు’ వీధి. ‘కళివునీర్’ అంటే మురుగునీరు, ‘మళైనీర్ వడికాల్’ అంటే వాననీటి కాలువ. ఈ చివరి రెండూ వేరు వేరు శాఖలవి. మురుగు మెట్రో వాటర్ బోర్డుది, వాననీటి కాలువ కార్పొరేషన్‌ది. ఫిర్యాదు చేసేటప్పుడు ఈ తేడా పట్టించుకోకపోతే వారం తిరిగినా పని జరగదు.

తారు పడకముందే తవ్వేయాల్సినవి

కొత్త రోడ్డుకు మొదటి శత్రువు వాన కాదు, గడ్డపార. తారు వేసిన నెలకే ఎవరో ఒకరు నీటి కనెక్షన్ కోసం అడ్డంగా గాడి తవ్వుతారు. దాన్ని మట్టితో నింపి పైన గుప్పెడు తారు పోస్తారు. మట్టి సరిగ్గా కూరుకోకపోతే వానకు దిగబడుతుంది, గాడి రెండు అంచుల నుంచీ నీళ్లు పొరల కిందికి పోయి పక్కనున్న మంచి రోడ్డును కూడా వదులు చేస్తాయి. ఒక్క ఇంటి గాడి వల్ల మీటరు వెడల్పు గుంత అవుతుంది.

కాబట్టి వీధి వేస్తారన్న మాట వినగానే ఇంటింటికీ ఒక ప్రశ్న వెళ్లాలి: నీటి గొట్టం మార్చాలా, మురుగు లైను తరచు మూసుకుపోతోందా, కరెంటు కేబుల్ లోడు పెంచుకోవాలా, కొత్త ఇంటర్నెట్ తీగ వేయించుకోవాలా? పాత ఇళ్లలో మురుగు గొట్టం ఇంకా మట్టిది అయితే దాన్ని మార్చడానికి ఇదే సమయం. వీటికి అనుమతి తీసుకుని, పని ముగించి, గాడిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చాకే తారు పడాలి. ఈశాన్య రుతుపవనాలకు ముందు ఏటా కార్పొరేషన్ రోడ్డు తవ్వకాలను ఆపేస్తుంది, ఆ గడువు దాటితే మీ తవ్వకమూ ఆగుతుంది. వేసవిలోనే కదలడం మేలు.

తరువాత చాంబర్లు. మీ ఇంటి ముందున్న మురుగు చాంబరు మూత ఎక్కడుందో ఇప్పుడే గుర్తు పెట్టండి. గేటు స్తంభం నుంచి ఎంత దూరం, కరెంటు స్తంభం నుంచి ఎంత దూరం అని రెండు కొలతలు రాసుకుంటే, రేపు మూత తారు కింద పడిపోయినా ఆ రెండు దూరాలు కలిసే చోట తవ్వి దొరకబుచ్చుకోవచ్చు. ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. మూతలు తారు కింద పూడిపోవడం తరచు జరిగేదే. అది బయటపడేది మురుగు ఎదురు తన్ని స్నానాల గదిలోకి వచ్చిన రోజున.

గేటు ముందు మీరు కట్టుకున్న ర్యాంపు రోడ్డు మీదికో, వాననీటి కాలువ మూత మీదికో వచ్చి ఉంటే అది పోతుందనే అనుకోండి. పని ఆపించడానికి ప్రయత్నించే కన్నా, కారు ఎక్కించడానికి కదిలించగలిగే ఇనుప పలక ఒకటి చేయించుకోవడం తేలిక. వీధి చెట్లుంటే వాటి మొదలు చుట్టూ కనీసం చేతి పొడవు మేర తారు, సిమెంటు లేకుండా వదలమని ముందే చెప్పండి. పూవరసు (గంగరావి), కానుగ, వేప దేనికైనా వేళ్ల దగ్గర నీళ్లు ఇంకాలి. మొదలు దాకా తారు బిగించిన చెట్టు గాలివానకు పడితే కరెంటు తీగల మీదే పడుతుంది.

మిల్లింగ్ రోజులు

యంత్రం చూడటానికి ట్రాక్టరుకూ ట్యాంకుకూ మధ్యలా ఉంటుంది. కింద పళ్లున్న డ్రమ్ము తిరుగుతూ పాత తారును పొడిగా చెక్కి, ముందు నడిచే టిప్పరులోకి పట్టీ మీదుగా పోస్తుంది. శబ్దం గట్టిగానే ఉంటుంది, గాజు కిటికీలు గలగలలాడతాయి. 100 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున్న వీధిలో 40 మిల్లీమీటర్లు చెక్కితే 20 ఘనమీటర్ల పాత తారు వస్తుంది. వదులయ్యాక అది ఇంకా ఎక్కువ. ఆ పొడిని పూర్తిగా ఎత్తుకుపోవాలి. అంచుల్లో కుప్పలు వదిలితే మొదటి వానకు అది వాననీటి కాలువ నోళ్లలోకి చేరి గట్టిపడుతుంది. కుప్పలు కనిపిస్తే ఆ రోజే ఫోటో తీసి ఏఈకి పంపండి.

దుమ్ముకు ముందే సిద్ధపడండి. సంపు మూత చుట్టూ గుడ్డో ప్లాస్టిక్ పట్టో బిగించండి, వీధి వైపు ఏసీ ఆపండి, ఉతికిన బట్టలు లోపల ఆరేయండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పూట వెనక గదిలో ఉంటే మంచిది. సంపు ముందురోజే నింపుకోండి, ఎందుకంటే నీళ్ల లారీ ఒకటి రెండు రోజులు వీధిలోకి రాలేకపోవచ్చు.

చెక్కిన ఉపరితలం మీద పొడవునా గీతల్లాంటి గాడులు ఉంటాయి. స్కూటరు ముందు చక్రం వాటి వెంట జారుతుంది, ముఖ్యంగా తడిగా ఉన్నప్పుడు. వేగం తగ్గించి, బ్రేకు వెనకది ముందు నొక్కి, గాడిని ఏటవాలుగా కాకుండా వీలైనంత అడ్డంగా దాటండి. చాంబరు మూతలు ఈ రోజుల్లో చుట్టూ ఉన్న రోడ్డు కంటే 4 సెంటీమీటర్ల ఎత్తున నిలబడి ఉంటాయి. రాత్రి అవి కనిపించవు. తెల్ల సున్నం వలయం గీయించండి, లేదా మీరే గీయండి. రాళ్లు మాత్రం పెట్టకండి, వాటికే తగులుకుని పడతారు.

చెక్కాక తారు ఎప్పుడు పడుతుందన్నది అసలు చిక్కు. రెండు మూడు రోజులు ఫరవాలేదు. వారాలు గడిస్తే, మధ్యలో వాన పడితే, పాత పొర పలచబడిన చోట కింది కంకరలోకి నీళ్లు దిగి మెత్తబడుతుంది. అక్కడ కొత్త తారు ఎంత బాగా వేసినా ముసలి తాబేలు డిప్పలా పగుళ్లు వస్తాయి. వేసే రోజుకు గుంతలు, మెత్తటి చోట్లు ఉంటే వాటిని తవ్వి, కంకరతో నింపి, కుదించాకే పైపొర వేయమని అడగండి.

చెక్కేటప్పుడు పైపైన ఉన్న కేబుల్‌గానీ గొట్టంగానీ తెగే ప్రమాదమూ ఉంది. నీళ్లు చిమ్మితే మెట్రో వాటర్ నంబరు 1916. కరెంటు తీగ బయటపడితే దగ్గరికి పోకుండా, పిల్లల్ని పోనివ్వకుండా విద్యుత్ ఫిర్యాదుల కేంద్రం మిన్నగం నంబరు 94987 94987కి ఫోను చేయండి. తెగిన గొట్టం సరిచేయకుండా తారు వేస్తే ఆ నీళ్లు పొర కింద పారుతూనే ఉంటాయి.

తారు పడే రోజు

పొద్దున్నే అలవాటుగా వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు పెట్టే ఇళ్లవాళ్లకు ముందుగా ఒక మాట: ఆ ఒక్క రోజు వీధి భాగం మీద నీళ్లు చల్లకండి, ముగ్గు గేటు లోపల పెట్టుకోండి. తడి మీద తారు పొర పట్టదు. 140 డిగ్రీల వేడి మిశ్రమం తడి నేల మీద పడితే కింద ఆవిరి పుట్టి పొరను పైకి తోస్తుంది. కారు కడిగిన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు, ఏసీ గొట్టం కారే నీళ్లు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. వాన పడుతున్నా, రోడ్డు మీద నీళ్లు నిలిచినా తారు వేయకూడదన్నది జాతీయ రోడ్డు పనుల నిబంధనల్లోనే ఉంది.

బండ్లు ముందురోజు రాత్రే తీసేయాలి. ఒక్క కారు నిలిచిపోతే తారు పరిచే పేవర్ యంత్రం దాన్ని తప్పించుకుని పోతుంది, ఆ చోటు తరువాత చేత్తో వేస్తారు. చేత్తో వేసిన ముక్క చల్లారిపోయి, సరిగ్గా కుదురుకోక, ముందుగా పాడయ్యేది అదే. ఊళ్లో లేనివాళ్ల బండ్ల తాళాలు ఎవరి దగ్గరున్నాయో వీధి వాట్సాప్ గ్రూపులో ముందే కనుక్కోండి. పెళ్లి, సీమంతం, కర్మ లాంటివి ఉంటే తేదీ ఏఈకి చెప్పండి. రెండు రోజులు అటూ ఇటూ జరపడం వాళ్లకు కష్టం కాదు. మంచం పట్టినవాళ్లు, డయాలిసిస్‌కు వెళ్లేవాళ్లు ఉన్న ఇల్లు ఏదో సూపర్‌వైజరుకు చూపించి, అత్యవసరమైతే ఏ వైపు దారి వదులుతారో తెలుసుకోండి.

పని వరస ఇలా ఉంటుంది. ముందు చీపుళ్లతో, తరువాత గాలి కంప్రెసరుతో దుమ్ము ఊదేస్తారు. ఈ మెట్టు దాటేస్తే మిగతాదంతా వృథా. దుమ్ము మీద చల్లిన జిగురు దుమ్ముకే అంటుకుంటుంది, రోడ్డుకు అంటుకోదు. నాలుగు నెలల తరువాత తారు అప్పడాల్లా పలకలు పలకలుగా లేస్తుంటే కారణం చాలాసార్లు ఇదే. తరువాత ఎమల్షన్, అంటే నీళ్లలో కలిపిన తారు జిగురు, చల్లుతారు, దీన్ని టాక్ కోట్ అంటారు. పాత తారు మీదైతే చదరపు మీటరుకు 0.20 నుంచి 0.30 కిలో. ఇందాకటి 100 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున్న వీధికి, అంటే 500 చదరపు మీటర్లకు, 100 నుంచి 150 కిలోలు. చల్లినప్పుడు గోధుమ రంగులో ఉండి, అందులోని నీళ్లు ఆరాక నల్లబడుతుంది. నల్లబడేదాకా ఆగాలి. మధ్యలో ఎవరైనా స్కూటరు తోలితే జిగురంతా చక్రాలతో వెళ్లిపోతుంది, ఆ దారి మేర పొర పట్టు తప్పుతుంది. ఈ గంట సేపు వీధి రెండు చివర్లా ఇద్దరు మనుషులు నిలబడి బండ్లను ఆపితే కాంట్రాక్టరుకు కాదు, మీ వీధికే మేలు.

ఇక వేడి మిశ్రమం. వీజీ-30 రకం తారుతో ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీల దగ్గర కలుపుతారు. వీధిలో పరిచేటప్పటికి కనీసం 140 డిగ్రీలు ఉండాలి, 90 డిగ్రీలకు దిగకముందే రోలింగ్ అయిపోవాలి. ప్లాంట్లు ఊరి బయట ఉంటాయి, దారిలో ట్రాఫిక్ ఉంటుంది. అందుకే టిప్పరు మీద టార్పాలిన్ కప్పి ఉందా అని చూడండి. సూపర్‌వైజరు దగ్గర థర్మామీటరు ఉండాలి, ప్రతి లోడుకూ గుచ్చి చూడమని అడగడంలో తప్పు లేదు. కంటితో కూడా కొంత తెలుస్తుంది. నీలి పొగ దట్టంగా వస్తుంటే మిశ్రమం మాడింది, అలాంటి తారు పెళుసైపోతుంది. పొగే లేకుండా గడ్డలు గడ్డలుగా కిందికి దిగుతుంటే చల్లారింది. చల్లారినది ఎన్నిసార్లు రోలరు తిప్పినా కుదురుకోదు, రాళ్ల మధ్య గాలి సందులు మిగులుతాయి, వాటిలో నీళ్లు చేరి కంకర రాలుతుంది. 30 మిల్లీమీటర్ల పొర పలచన, కాబట్టి పరిచిన కొద్ది నిమిషాల్లోనే వేడి తగ్గిపోతుంది. రోలరు పేవర్ వెనకాలే ఉండాలి. టీ తాగి వచ్చి తిప్పుతామంటే ఆలస్యమైనట్టే.

లెక్క కూడా మీరే వేసుకోవచ్చు. కుదిరిన తారు కాంక్రీట్ ఘనమీటరు సుమారు 2.35 టన్నులు. 500 చదరపు మీటర్లకు 30 మిల్లీమీటర్లంటే 15 ఘనమీటర్లు, అంటే దాదాపు 35 టన్నులు. ఒక్కో టిప్పరు ఎన్ని టన్నులు తెచ్చిందో తూకం చీటీ మీద ఉంటుంది. అన్ని చీటీలూ కూడితే 35కు దగ్గరగా రావాలి, 25 దగ్గరే ఆగితే పొర పలచబడినట్టే. మందం చూడటానికి ఇంకో దారి ఉంది. పేవర్ వెనక, రోలరు రాకముందు, పరిచిన మిశ్రమం కుదిరిన మందం కంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ ఉండాలి. 30 రావాలంటే 37, 38 మిల్లీమీటర్లు, 40 రావాలంటే 50. సూపర్‌వైజరు చేత కమ్మీ గుచ్చించి చూడండి. మీరు వేడి తారు మీదికి వెళ్లకండి.

మీ వీధిలో ప్లాస్టిక్ రోడ్డు వేస్తామంటే భయపడక్కర్లేదు. మదురైలో ప్రొఫెసర్ ఆర్. వాసుదేవన్ రూపొందించిన పద్ధతి అది, 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. తురిమిన ప్లాస్టిక్‌ను వేడి కంకర మీద చల్లితే అది కరిగి రాయికి పూతలా పట్టి నీటిని ఆపుతుంది. మోతాదు తారు బరువులో 6 నుంచి 8 శాతం. మన 35 టన్నుల మిశ్రమంలో తారు సుమారు 1.9 టన్నులు ఉంటుంది, కాబట్టి ప్లాస్టిక్ మహా అయితే 150 కిలోలు.

రోలరు చక్రాలకు తారు అంటకుండా నీళ్లు చల్లుతారు. డీజిల్ పోస్తుంటే ఆపమనండి, డీజిల్ తారును కరిగిస్తుంది, పోసిన చోట మెత్తబడి గుంత పడుతుంది. అంచులు, చాంబరు చుట్టూ, గోడ పక్కన పెద్ద రోలరు చేరదు. అక్కడ చేతి దిమ్మిసతోనో చిన్న రోలరుతోనో కుదించాలి. మంచి వీధుల్లో కూడా గుంతలు మొదలయ్యేది ఇక్కడి నుంచే, అందుకే మిగతా వీధంతా చూడలేకపోయినా ఈ చోట్ల మీద కన్ను వేయండి.

మిగిలిపోయిన మిశ్రమంతో స్పీడ్ బ్రేకర్ వేయించుకోవాలని వీధిలో ఎవరో ఒకరికి అనిపిస్తుంది. వద్దు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే గుండ్రటి బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది, దాన్ని పోలీసుల అనుమతితో, గీతలతో వేయాలి. పారతో కుప్ప పోసి తొక్కించిన దిబ్బ మీద రాత్రి వచ్చే స్కూటరు ఎగిరిపడుతుంది.

మొదటి రోజులు

పొర గాలి వేడికి చల్లారేదాకా బండ్లు రాకూడదు. చెన్నై మధ్యాహ్నం ఎండలో అది చాలా గంటలు పడుతుంది. నడవడానికి సాయంత్రం దాకా ఆగండి, బండి తోలడానికి వీలైతే మరునాటి ఉదయం దాకా. 9,000 లీటర్ల నీళ్ల లారీ అంటే నీళ్లే 9 టన్నులు, దాన్ని మూడు నాలుగు రోజులు వీధి మొదట్లోనే ఆపి గొట్టంతో నీళ్లు పట్టుకోండి.

వేసవిలోనైతే మొదటి రెండు మూడు వారాలు కొత్త తారు మధ్యాహ్నం మెత్తబడుతుంది. స్కూటరు సైడ్ స్టాండు కింద చిన్న చెక్క ముక్క పెట్టండి, లేకపోతే గుంత పడి బండి పక్కకు ఒరుగుతుంది. కారు ఆగి ఉన్నచోటే స్టీరింగు తిప్పకండి, చక్రం కింద కంకర పెళ్లగించుకుని వస్తుంది. కొంచెం కదులుతుండగా తిప్పాలి. నూనె కారే బండి కింద రేకో అట్టో పెట్టండి.

పాదరక్షలు గేటు దగ్గరే విడవండి. గచ్చు మీద పడ్డ తారు మరకకు కొబ్బరి నూనె రాసి పది నిమిషాలు నానబెట్టి తుడిస్తే వస్తుంది, తరువాత సబ్బు. కారు రంగుకూ కొబ్బరి నూనె ఫరవాలేదు, బ్లేడుతో మాత్రం గీకకండి. కుక్క పాదాలకు అంటినా ఇదే, కిరోసిన్ వద్దు. వేడి తారు చర్మం మీద పడితే పీకకండి, నూనె కూడా వద్దు. 20 నిమిషాలు ధారగా చల్లటి నీళ్లు పోసి ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 108కి ఫోను చేయండి.

పండుగకో పెళ్లికో పందిరి వేస్తే కొత్త రోడ్డులో గుంజలకు గుంతలు కొట్టనివ్వకండి. ఇసుక నింపిన డబ్బాల్లో గుంజలు నిలబెట్టే షామియానావాళ్లు ఉంటారు, వాళ్లనే పిలవండి. గుంజ గుంత చేతివెడల్పే ఉన్నా పొరలన్నిటినీ చీల్చుకుని పోతుంది, అందులోకి దిగిన నీళ్లు బయటికి రావు.

సన్నటి సందుల్లో తారుకు బదులు సిమెంటు కాంక్రీట్ వేస్తే లెక్క వేరు. దానికి నీళ్లే కావాలి. రోజుకు రెండు మూడు సార్లు తడుపుతూ, తడి గోనెసంచులు కప్పి, కనీసం వారం పది రోజులు ఉంచాలి. బండ్లకు ఇంకా ఎక్కువ ఆగాలి. ఇక్కడ మీ కళ్లాపి మహా ఉపయోగం.

వాలు, చాంబరు, మొదటి వాన

రోడ్డు నడుమ ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉండాలి. తారు రోడ్డుకు 2 నుంచి 2.5 శాతం వాలు కావాలి. 5 మీటర్ల వీధిలో నడుమ అంచుల కంటే 5, 6 సెంటీమీటర్లు ఎత్తు ఉంటే సరిపోతుంది. అదే నీటి గొట్టంతో కొలవచ్చు. ఇంకా సులువు, మూడు బకెట్ల నీళ్లు నడుమ పోసి చూడండి. నీళ్లు కాలువ నోటి వైపు పోవాలి. మీ గేటు వైపు తిరిగితే, మధ్యలో మడుగు కడితే, తడి ఆరకముందే ఫోటో తీయండి. కాలువ నోళ్ల మీద తారు పడి మూసుకుపోయాయేమో ఒక్కొక్కటీ చూడండి.

చాంబరు మూతలు రోడ్డుతో సమానంగా రావాలి. సిమెంటుతో ఎత్తు సరిచేసినచోట ఆ సిమెంటు గట్టిపడేదాకా చుట్టూ అడ్డు పెట్టించండి. అదే రోజు బస్సు ఎక్కితే మూత దడదడలాడడం మొదలై, ఇక ఆగదు. కనిపించని మూత కోసం ముందు రాసుకున్న రెండు కొలతలు తీసుకుని మెట్రో వాటర్‌కు 1916లో చెప్పండి.

రోడ్డు గురించైతే కార్పొరేషన్ 1913, లేదా నమ్మ చెన్నై యాప్. వీధి పేరు, వార్డు నంబరు, ఎదురుగా ఉన్న ఇంటి నంబరు, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో పంపి, ఫిర్యాదు నంబరు దాచుకోండి. ‘రోడ్డు బాగాలేదు’ అని రాయకండి. ‘చెక్కకుండా వేశారు, గడప దగ్గర మట్టం 4 సెంటీమీటర్లు పెరిగింది’ అని రాయండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఆ పని అంచనా, కొలతల పుస్తకం నకళ్లు అడగొచ్చు. ఎంత చెక్కినట్టు, ఎంత వేసినట్టు బిల్లు పెట్టారో ఆ పుస్తకంలోనే ఉంటుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. పనిని తనిఖీ చేసే హక్కు, ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా అదే చట్టం ఇస్తుంది.

చివరికి నీటి గొట్టం మళ్లీ తీసి గడప ఎత్తు కొలవండి. ఆ అంకెనూ తేదీనీ గేటు స్తంభం లోపలి వైపు చెరగని రంగుతో రాయండి. మళ్లీ తారు వేసే నాటికి ఇంట్లో ఎవరున్నా, అద్దెకు ఎవరు వచ్చినా, వాళ్లు ఏఈ ముందు నిలబడి చూపించడానికి ఆ గీత ఉంటుంది.